ఇసొషిగి ఎందుకు ఓడింది

సుసామి, కీయ్ తీరం
జూన్ 5, బుధవారం

హొనామీకి,

ఇవాళే రాయడానికి కారణం ఉంది. నీ నివేదిక నిన్న నా చేతికి వచ్చింది. ఈ నెల 28న తీర గ్రామాల సంఘం దాన్ని ముందు పెట్టుకుని, సునామీ హెచ్చరిక పెట్టెల్లో లినక్స్ కెర్నెల్ పెట్టాలా, మన ఇసొషిగి కెర్నెల్ పెట్టాలా అని నిర్ణయం తీసుకుంటుంది. ఫోన్ చేయలేదు. చేస్తే నేను అరుస్తాను, నువ్వూ అరుస్తావు, ఎవరేమన్నారో తర్వాత ఇద్దరికీ గుర్తుండదు. కాగితం మీద పెట్టిన మాట ఎక్కడికీ పోదు.

తెచ్చింది ఒబాతా గారు. మా ఊరి తరపున సంఘంలో కూర్చునేది ఆయనేనని నీకు తెలుసు. చెప్పులైనా విప్పకుండా వరండా అంచున కూర్చుని, "ఏం తొషియె గారూ, ఇన్నేళ్ళు మీరు కట్టిన బండికి మనవరాలే చక్రం ఊడదీసిందట!" అని నవ్వారు. "ముందు టీ తాగండి" అన్నాను. ఆయన తాగారు. నా టీ చల్లారిపోయింది.

ముందు బాగున్నవి చెబుతాను. సముద్రం ఎంత లేచిందో కొలిచే గేజి నుంచి కొండమీది లౌడ్‌స్పీకర్ల దాకా వార్త మోసే పెట్టెలు ఇవి అని మొదటి పేజీలోనే స్పష్టంగా రాశావు. కెర్నెల్ అంటే పెట్టెలో ఏ పని ముందు, ఏది వెనక, ఏ ప్యాకెట్, అంటే ఏ వార్త ముక్క, ఎటు అని తేల్చే పెద్ద అని చెప్పావు. కమలా తోటలవాళ్ళకు కూడా అర్థమవుతుంది. లినక్స్ ఒక్కో ప్యాకెట్‌కు ఒక పెద్ద డబ్బా ఇచ్చి ముందే అంచుల్లో ఖాళీ వదులుతుంది, మన ఇసొషిగి చిన్న డబ్బాలను గొలుసుగా కలుపుకుంటూ పోతుంది అన్న పోలిక కూడా సరైనదే. లినక్స్‌కు వేలమంది పనివాళ్ళు, మనకు తొమ్మిదిమంది. అదీ నిజమే. కాదనను.

ఇక పద్నాలుగో పేజీ. లినక్స్ మోసిన ప్యాకెట్లలో మూడోవంతు కూడా ఇసొషిగి మోయలేదట. పట్టిక చూశాను, మళ్ళీ చూశాను. తర్వాత పట్టిక కింద చిన్న అక్షరాలు చదివాను. నువ్వు పరీక్షించింది మా విడుదల ప్రతి కాదు, ఇంకా పనిలో ఉన్న ప్రతి.

పనిలో ఉన్న ప్రతిలో తనిఖీలన్నీ వేసి ఉంటాయి. ఒక పని ఏ తాళం పట్టుకున్నా, ఏ తాళం వదిలినా, సరైన వరసలో పట్టుకుందా లేదా అని కెర్నెల్ ఆగి చూసుకుంటుంది. తప్పులు పట్టుకోవడానికి పెట్టినవి అవి, పరుగెత్తడానికి కాదు. వీపున బియ్యం బస్తా కట్టి ఒకణ్ణి పందెంలోకి దింపి, వీడికి పరుగు రాదని రాశావు.

లినక్స్ వైపు నుంచి వచ్చిన కొత్తవాళ్ళు ఏటా ఒక్కరైనా ఈ పొరపాటు చేస్తారు. వాళ్ళకు ఓపికగా జవాబు రాస్తాను. నువ్వు కొత్తదానివి కావు. మా కోడ్‌లో మార్పు చేర్చే హక్కు నీకు ఇచ్చింది నా పూచీ మీద. తనిఖీలు తీసి కెర్నెల్ మళ్ళీ కట్టడం నీకు నేర్పింది నేను, ఈ వంటింటి బల్ల దగ్గరే.

నివేదిక వెనక్కి తీసుకో. మళ్ళీ కొలిచి రాయి. ఓడితే నిజంగా ఓడనివ్వు.

తొషియె


కవాసాకి
జూన్ 10

గౌరవనీయులైన వషియో తొషియె గారికి,

మీ ఉత్తరం అందింది. అడిగినవాటికి వరసగా జవాబు.

విడుదల ప్రతిని ఎందుకు పరీక్షించలేదంటే, అది వచ్చి మూడేళ్ళయింది. సంఘం ఎంచుకున్న పెట్టెలోని నెట్‌వర్క్ చిప్ దానికి తెలియదు. ఆ ప్రతితో పెట్టె లేవదు, అంతే. పనిలో ఉన్న ప్రతి ఒక్కటే ఆ పెట్టె మీద నడుస్తుంది. ఈ సంగతి మీకు నాకంటే ముందే తెలుసు. మూడేళ్ళుగా కొత్త విడుదల ఎందుకు రాలేదో కూడా తెలుసు. తొమ్మిదిమందిలో ఇద్దరికి కళ్ళ ఆపరేషన్ అయింది, ఒకరు మనవళ్ళను పెంచుతున్నారు, ఇంకొకరు జవాబే ఇవ్వరు.

సంఘం ఈ పరీక్ష మా కంపెనీకి అప్పగించగానే మా విభాగం పెద్ద కుజె గారు నన్ను పిలిచి, "హొనామి గారూ, ఇది మీ అమ్మమ్మగారి కెర్నెల్ అని విన్నాను. నివేదిక వేరేవాళ్ళకు ఇవ్వమంటారా?" అని మర్యాదగా అడిగారు. ఆ మర్యాదే చెంపదెబ్బలా తగిలింది. "అక్కర్లేదండీ, నేనే చేస్తాను" అన్నాను. మీకు అనుకూలంగా రాస్తానని ఆఫీసులో సగంమంది అనుకున్నారు. ఇప్పుడు మీకు వ్యతిరేకంగా రాశానని మీరు అనుకుంటున్నారు. బాగుంది.

ఇంకో మాట. ఆ పెట్టెలు పదిహేనేళ్ళు ఉప్పుగాలిలో ఉండాలి. పదేళ్ళ తర్వాత అందులో ఏదైనా చెడితే లినక్స్‌లో బాగుచేయడానికి ఎవరో ఒకరు ఉంటారు. ఇసొషిగిలో ఎవరుంటారు? నేనొక్కదాన్నా? ఆ సంగతి గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఎంతసేపూ పద్నాలుగో పేజీయే.

అంకె మారదు. దానికంటే మంచి అంకె మీకు అవసరం లేదు. దయచేసి ఇక్కడితో వదిలేయండి. నన్ను ఇంక అడగకండి.

సెలవు,
వషియో హొనామి


సుసామి
జూన్ 14

హొనామీ,

"మీరు" అని రాశావు. మీ అమ్మకు కోపమొచ్చినా ఇంతే, ఇంట్లో ఎదురుగా కూర్చుని టెలిఫోన్ కంపెనీ మనిషిలా మాట్లాడేది. నాకు మర్యాద వద్దు, జవాబు కావాలి.

పదేళ్ళ తర్వాత ఎవరుంటారన్నావు. న్యాయమైన ప్రశ్న. అది నివేదికలో రాయి, ఒప్పుకుంటాను. ఆ కారణంతో సంఘం లినక్స్ తీసుకుంటే తలవంచి ఇంటికి వస్తాను. నిజమైన కారణం చేతిలో ఉండగా అబద్ధపు అంకె ఎందుకు?

అబద్ధపు అంకె అని ఊరికే అనడం లేదు. సంఘం నమూనాగా తెప్పించిన పెట్టెల్లో ఒకటి ఒబాతా గారి దగ్గర ఉంది. అడిగి తెచ్చుకున్నాను. "పగలగొట్టకండి, దానికి నేను సంతకం పెట్టాను" అన్నారాయన. "నేనేమైనా పిల్లినా?" అన్నాను. తనిఖీలు తీసేసి కెర్నెల్ కట్టాను. నీ నివేదికలోని పద్ధతినే పాటించాను. అదే పొడవు ప్యాకెట్లు, అదే కేబుల్, అదే వేగం.

ఫలితం దాచకుండా రాస్తున్నాను. చిన్న ప్యాకెట్లలో ఇసొషిగి లినక్స్‌ను కొద్దిగా దాటింది. గేజి పంపేవి చిన్నవే. పెద్దవాటిలో సమానం. ఒకేసారి వేల కనెక్షన్లు తెరిస్తే మాత్రం లినక్స్ స్పష్టంగా ముందుంది. పని ప్రాసెసర్‌లోని అన్ని కోర్లకూ పంచడంలో వాళ్ళ అమరిక మనకంటే బాగుంది. వాళ్ళు కష్టపడ్డారు, గెలిచారు. అది ఓటమి. దానికి నేను ఏడవను.

అంటే నీ మూడోవంతు అంకె పూర్తిగా తనిఖీల బరువే. కోడ్‌లో నాలుగు లైన్లు తీసేస్తే పోయేది. తెలియక చేశావని అనుకోవాలని ఈ నాలుగు రోజులూ ప్రయత్నించాను. కుదరలేదు. నీకు తెలియకపోవడం అన్నది ఉండదు. తెలిసి చేశావు. ఎందుకో చెప్పడం లేదు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "అమ్మా, అదేదో పెట్టె కోసం పిల్లను అంతలా ఏడిపిస్తావా? అది అన్నం తినడం లేదు" అంది. "ఏడవడానికి దానికి కారణం ఉందా?" అన్నాను. "నాకేం తెలుసు, నీకే తెలియాలి, మీ ఇద్దరి భాష నాకు ఎప్పుడు అర్థమైంది గనక" అని పెట్టేసింది.

నువ్వు ఏడుస్తున్నావన్న మాట నాకు నచ్చలేదు. కానీ దానికోసం అంకె మార్చలేను.

కాబట్టి విను. 20వ తేదీ సాయంత్రం మా మెయిలింగ్ లిస్టులో, అంటే ఎవరైనా చదవగలిగే చోట, రెండు పట్టికలూ పెడతాను. నాది, నీది. పక్కన నీ పేరు ఉంటుంది. ఆలోగా నువ్వే సరిచేస్తే ఆ అవసరం రాదు.

తొషియె


కవాసాకి
జూన్ 18
(వేగపు తపాలా)

అమ్మమ్మా,

లిస్టులో పెట్టకు. ఇది చదివాక నీ ఇష్టం. కానీ చదవకుండా పెట్టకు.

తనిఖీలు తీయడం మర్చిపోలేదు. మొదటి వారమే తీశాను. అంకె బాగా వచ్చింది, నీ దానికంటే కాస్త ఎక్కువే. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. కుజె గారికి చూపిస్తే, "అరే, ముసలివాళ్ళ కెర్నెల్ భలే పరుగెడుతోందే!" అన్నారు. ఆ రోజు నీకు ఫోన్ చేద్దామనుకుని, నివేదిక అచ్చయ్యాక చెబుదామని ఆగాను.

నాలుగో రోజు పక్క బల్ల అబ్బాయి కుర్చీ జరుపుతుంటే కేబుల్ ఊడింది. "అయ్యో సారీ సారీ!" అంటూ వెంటనే పెట్టేశాడు. పెట్టె ఆగిపోయింది. నెమ్మదించడం కాదు, రాయిలా బిగుసుకుంది. కీబోర్డుకు పలకదు, ప్యాకెట్‌కు పలకదు. కరెంటు తీసి పెడితే గానీ లేవలేదు.

ఎందుకు ఆగిందో తెలుసుకోవాలని తనిఖీలు మళ్ళీ వేశాను. కేబుల్ పీకాను, పెట్టాను. తెర మీద ఒక్క లైను వచ్చింది. తాళాలు తిరగేసిన వరసలో పట్టుకున్నారు అని. ప్యాకెట్ల వరస తాళం చేతిలో ఉంచుకుని ఒక పని దారుల పట్టిక తాళం కోసం చూస్తోంది. అదే సమయంలో లింక్ పడిపోయిందని దారులు మార్చే పని, పట్టిక తాళం పట్టుకుని వరస తాళం కోసం చూస్తోంది. రెండూ ఒకదానికొకటి ఎదురుచూస్తూ నిలబడిపోతాయి. ఎప్పటికీ.

తెర మీద ఫైలు పేరు, లైను సంఖ్య ఉన్నాయి. తెరిచి చూశాను. కిందటి నవంబరులో చేర్చిన మార్పు. పక్కన పేరు నీది.

లింకులన్నీ ఒకేసారి ఎప్పుడు పడిపోతాయి అమ్మమ్మా? భూకంపంలో. ఆ పెట్టె పుట్టిందే ఆ రోజు కోసం. సరిగ్గా ఆ రోజే రాయైపోతుంది.

కుజె గారు వచ్చి, "ఏమైంది, ఎందుకాగింది?" అన్నారు. "వేడెక్కిందండీ" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

ఇక ఏం రాయాలి? మంచి అంకె రాస్తే సంఘం ఇసొషిగిని ఎంచుకోవచ్చు. తీరమంతా ఆ పెట్టెలే వస్తాయి. ఆగిన సంగతి రాస్తే నీ పేరు పత్రికలకెక్కుతుంది, డెబ్బై నాలుగేళ్ళావిడ రాసిన కోడ్ మనుషుల్ని ముంచేదని. నెమ్మది అని రాస్తే ఎవరూ చావరు, ఎవరూ నిన్ను వేలెత్తి చూపరు. ఓడిపోతావు, అంతే. ఓటమి తట్టుకుంటావులే అనుకున్నాను. తనిఖీలు వేసినప్పటి అంకె నా దగ్గర ఎలాగూ ఉంది. అది పెట్టేశాను. సంఘం పెద్దల్లో ఎవరూ పట్టికల కింద చిన్న అక్షరాలు చదవరు. నువ్వు చదువుతావని తెలిసి కూడా పెట్టాను.

నామీద కోపం తెచ్చుకో. నాకూ నీ మీద కోపంగానే ఉంది. వదిలేయమంటే వదలవు కదా! వదిలేయండి అని అంత మర్యాదగా రాసినా వదలవు. నీకు ప్రతి అంకె నిజమవ్వాలి, దానివల్ల ఎవరికేమైనా సరే. చిన్నప్పుడు నాకు తొంభై ఏడు వస్తే ఆ మూడు ఎక్కడ పోయాయని అడిగేదానివి. ఇదుగో, ఆ మూడూ ఇక్కడున్నాయి. లెక్క సరిపోయిందా?

హొనామి


సుసామి
జూన్ 20

హొనామీ,

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. రెండో పేజీ దగ్గరే లేచి కోడ్ తెరిచాను. నువ్వు చెప్పినది అక్షరాలా నిజం. నవంబరులో లింక్ తిరిగి లేచేటప్పుడు కొన్ని ప్యాకెట్లు పోతున్నాయని ఆ మార్పు చేశాను. ప్యాకెట్ల వరస తాళాన్ని కోడ్‌లో రెండు లైన్లు పైకి జరిపాను. జరపకూడదు. తనిఖీలు వేసే పరీక్షించాను, కానీ కేబుల్ పీకి చూడలేదు. తప్పు నాది. దీని మీద ఇంతకంటే మాటలు అక్కర్లేదు.

నా కోపం దాని గురించి కాదు.

ఇలాంటిది ఉత్తరంలో రాస్తావా? వేగపు తపాలాలో? ఇంట్లో ఫోన్ లేదా?

నీకు ఒక సంగతి తెలియదు. తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు. తూర్పున మూడు ఊళ్ళ మత్స్యకారుల సహకార సంఘం, ఈ పెద్ద సంఘం కోసం ఆగలేక, మార్చిలోనే తమ డబ్బుతో అవే పెట్టెలు కొనుక్కుంది. వాటిలో ఇసొషిగి పెట్టింది నేను. నవంబరు మార్పుతో సహా. ఆ పెట్టెల వెనక ఇవాళ్టికీ లౌడ్‌స్పీకర్లు ఉన్నాయి, వాటి కింద మనుషులు ఉన్నారు. నువ్వు "వేడెక్కిందండీ" అన్న రోజు నుంచి ఈ రోజు పొద్దుటి దాకా ఆ మూడు ఊళ్ళు రాళ్ళ మీద నమ్మకం పెట్టుకుని నిద్రపోయాయి. ఇన్నాళ్ళూ భూమి కదలకపోవడం నీ తెలివి కాదు, నాదీ కాదు.

అలాంటి ఊళ్ళు ఉన్నాయని నీకు తెలియదంటావు. అందుకేనమ్మా కనబడ్డ తప్పును అందరూ చదివేచోట రాసేది! ఎవరు ఎక్కడ వాడుతున్నారో మనకు తెలియదు. ఎవడైనా తీసుకోవచ్చు, ఎవడికీ చెప్పనక్కర్లేదు, అదే మన కోడ్ పద్ధతి. లినక్స్ వాళ్ళకూ అంతే. రెండు ఇళ్ళకూ తేడాలు వంద ఉండవచ్చు, ఈ ఒక్కచోట తేడా లేదు. తప్పును దాస్తే ఎవరి నుంచి దాస్తున్నామో కూడా తెలియదు.

సహకార సంఘంలో పెట్టెలు చూసే షియొజాకికి వెంటనే ఫోన్ చేశాను. వలలు కడుగుతున్నాడు, నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"పెట్టెలు మూడూ ఇప్పుడే ఆపి, అక్టోబరు ప్రతి ఎక్కించాలి" అన్నాను.

"ఇప్పుడా? రోజూ ఐదింటికి లౌడ్‌స్పీకర్లలో వేసే పాట రాకపోతే ఊరంతా నామీద పడుతుంది బామ్మగారూ. మా ఆవిడ ఆ పాట విన్నాకే బియ్యం కడుగుతుంది."

"ఇవాళ గడియారం చూసి కడగమను."

"అంత ప్రమాదమా?"

"అవును. నేను రాసిన దాంట్లో తప్పుంది. భూకంపం వస్తే పెట్టె ఆగిపోతుంది."

అతను కొళాయి కట్టేశాడు. ఆ తర్వాత, "మా నాన్న సముద్రం ఒడ్డున, కిందివైపు ఇంట్లోనే ఉంటాడండీ" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇక్కడినుంచి నేను ప్రతి మార్చాను, అతను ఒక్కో పెట్టె దగ్గరికీ మోపెడ్ మీద వెళ్ళి తిరిగి లేపాడు. ప్రతి పెట్టె దగ్గరా కేబుల్ పీకించి, పెట్టించి చూశాను. మూడూ నిలబడ్డాయి. పాట ఆలస్యంగా వచ్చింది.

ఇక నా పేరు. నా పేరును కాపాడమని నిన్ను ఎవరు అడిగారు? ప్రతి మార్పు పక్కనా పేరు రాసుకునేది పొగడ్త కోసం అనుకున్నావా? చెడితే ఎవరి తలుపు కొట్టాలో తెలియడానికి. నా తలుపు కొట్టాల్సిన రోజున నువ్వు వాకిట్లో నిలబడి, ఆవిడ ఇంట్లో లేరు అని పంపేశావు. నాకు డెబ్బై నాలుగేళ్ళని జాలిపడ్డావు. నా కోడ్ చదివే మనిషి నామీద జాలిపడితే ఇక ఆ కోడ్ ఎవరికి పనికొస్తుంది? నువ్వు పెట్టిన ఆ నెమ్మది అన్న అంకె కంటే నాకు అదే పెద్ద అవమానం.

తొంభై ఏడు సంగతి రాశావు. అవును, అడిగేదాన్ని. ఇప్పుడూ అడుగుతున్నాను.

అయితే ఒకటి. కేబుల్ ఊడినప్పుడు మామూలు మనిషి పెట్టెను తిరిగి లేపి, పని చేసుకుపోతాడు. నువ్వు ఎందుకు ఆగిందని తనిఖీలు వేసి వెతికావు. నేను చూడనిది చూశావు. అక్కడిదాకా నువ్వు చేసిన పని మా తొమ్మిదిమందిలో ఎవరు చేసినా గర్వపడతాను. దాని తర్వాత నోట్లోంచి వచ్చిన ఒక్క మాట మొత్తం పాడుచేసింది.

లిస్టులో నేను ఇవాళ ఏమీ పెట్టడం లేదు. పెట్టాల్సింది నువ్వు. ఇప్పుడు జరగవలసినవి ఇవి.

1. ఈ ఉత్తరం అందిన పూటే కుజె గారి ఎదుట నిలబడి, పెట్టె వేడెక్కలేదని చెప్పు. మెయిల్ రాయకు. ఆయన ఏమన్నా పూర్తిగా విను, మధ్యలో నా వయసు ఎత్తకు.

2. అదే రోజు మా మెయిలింగ్ లిస్టులో తప్పు గురించి రాయి. కేబుల్ ఎలా ఊడింది, తెర మీద ఏ లైను వచ్చింది, ఏ మార్పు వల్ల, ఆ మార్పు ఎవరిది. "బహుశా" అన్న మాట ఎక్కడా ఉండకూడదు. నా పేరు మొత్తం రాయి.

3. నివేదిక వెనక్కి తీసుకుని కొత్తది ఇవ్వు. తనిఖీలు తీసిన అంకె, వేసిన అంకె, పెట్టె ఆగిన సంగతి, మూడూ ఉండాలి. లినక్స్ అంకెలు ఉన్నవి ఉన్నట్టే. పదేళ్ళ తర్వాత ఎవరుంటారన్న నీ ప్రశ్న కూడా చేర్చు. అది మంచి ప్రశ్న, చివర్లో పారేయకు, ముందు పెట్టు.

4. 28న ఒబాతా గారితో కలిసి నేను సంఘం ముందుకు వెళ్తాను. ఈసారికి లినక్స్ తీసుకోండని నేనే చెబుతాను. నువ్వు రానక్కర్లేదు, ఆ మాట నా నోటినుంచే రావాలి.

5. తప్పుకు దిద్దుబాటు రాశాను, దీనితో పాటు అచ్చుతీసి పంపుతున్నాను. నేను చేర్చను. నువ్వు చదువు, కేబుల్ పీకుతూ పెడుతూ నీకు తృప్తి కలిగేదాకా నడుపు. నిలబడితే నీ పేరుతో చేర్చు. నిలబడకపోతే ఎర్ర పెన్సిల్‌తో గీసి వెనక్కి పంపు. మెత్తగా గీయకు.

6. అప్పటిదాకా నా మార్పులేవీ మరొకరు చదవకుండా చేర్చవద్దని మిగతావాళ్ళకు రాశాను. మార్పులు చేర్చే నీ హక్కు ఉంచాలా తీసేయాలా అన్నది కూడా వాళ్ళకే వదిలాను. నిన్ను అడుగుతారు. ఉన్నది చెప్పు.

7. ముప్పయ్యో తేదీ ఆదివారం. మొదటి రైలెక్కి రా. మూడు ఊళ్ళకూ ఇద్దరం వెళ్దాం, ముందు షియొజాకి వాళ్ళ నాన్న ఇంటికి. తప్పు రాసినందుకు నేను తల వంచుతాను, దాచినందుకు నువ్వు వంచు. ఖాళీ చేతులతో వెళ్ళలేం, కవాసాకి స్టేషన్‌లో మూడు మిఠాయి పెట్టెలు కొను. ఇక్కడివి వద్దు, వాళ్ళు రోజూ తినేవే.

తొషియె